'వీలైనంత వరకు' అనే మాట వెనుక

ఆదివాసీ పిల్లల చదువు గురించి ప్రభుత్వాలు రాసిన ఏ కాగితం తీసినా అందులో మంచి మాటలే ఉంటాయి. మాతృభాషలో బోధన, స్థానిక సంస్కృతికి చోటు, ఏ పిల్లా ఏ పిల్లాడూ వెనకబడని తరగతి గది. ఈ మాటలతో మాకు పేచీ లేదు. మావాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నవీ ఇవే. మా పేచీ ఈ మాటల పక్కన ఒదిగి కూర్చున్న ఇంకో చిన్న మాటతో.

రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది. 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పడానికి తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ 'ప్రయత్నించాలి' అంటుంది అది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని రాసి, 'ఆచరణలో వీలైనంత వరకు' అని చేర్చింది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి దాకా, కుదిరితే ఎనిమిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలంది. దానికి ముందే 'వీలైన చోటల్లా' అని రాసుకుంది.

ప్రయత్నించాలి, వీలైనంత వరకు, వీలైన చోటల్లా. అరవై నాలుగేళ్ళ వ్యవధిలో వచ్చిన మూడు కాగితాలు మూడూ ఇస్తున్నట్టే ఇచ్చి తప్పించుకునే దారి ఉంచుకున్నాయి. అడవిలో కట్టె కొట్టిన మనిషి మీద కేసు పెట్టేటప్పుడు చట్టం 'వీలైనంత వరకు' అనదు. పోడు భూమికి కందకం తవ్వేటప్పుడూ అనదు. మా పిల్లల భాష దగ్గరికి వచ్చేసరికే దానికి వీలూ వాలూ గుర్తొస్తాయి.

ఈ వీలును ఎవరు తేలుస్తున్నారు? దేన్ని చూసి తేలుస్తున్నారు? ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది ఇదే. మా అభిప్రాయం ముందే చెప్తాం. తరగతి గదిలో వీలు అంటే పుస్తకం కాదు, గోడ మీద బొమ్మా కాదు, ఏడాదికోసారి చేసే ఉత్సవమూ కాదు. పిల్లల భాష వచ్చిన మనిషి ఆ గదిలో ఉండటమే వీలు. ఆ మనిషి ఉంటే మిగతావన్నీ వెనకాలే వస్తాయి. లేకపోతే మిగతావన్నీ ఉన్నా బడి నడవదు.

మాట్లాడని పిల్ల

మైదానం నుంచి కొత్తగా వచ్చిన టీచర్లు మా పిల్లల గురించి మొదట చెప్పే మాట, "వీళ్ళు మాట్లాడరండీ" అని. ఇదే పిల్ల బడి వదిలాక వాగు దగ్గర నోరు మూయదు. మాట్లాడదు అనేదాంట్లో నిజం లేదు. తనకు రాని భాషలో మాట్లాడలేకపోతోంది, అంతే.

ఆ మౌనం ఎలా మొదలవుతుందో చిన్న ఉదాహరణతో చూద్దాం. తెలుగు వాచకంలో ఒక వాక్యం ఉందనుకోండి: ఏరు పక్కన, మర్రి నీడలో, నారు పోశారు. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకు ఇందులో కష్టం లేదు. కోయ, గోండి ఇళ్ళలో ఏర్ అంటే నీళ్ళు, మర్రి అంటే కొడుకు, నార్ అంటే ఊరు. ఆ పిల్ల చెవికి అందింది నీళ్ళు, కొడుకు, ఊరు. మూడు మాటలూ తనకు తెలిసినవే, అయినా పాఠం మాత్రం అర్థం కాలేదు. టీచర్ "మర్రి ఎక్కడుంది?" అని అడిగితే ఆ పిల్ల ఎవరి కొడుకా అని ఆలోచిస్తుంది. జవాబు ఆలస్యమవుతుంది. ఆలస్యాన్ని టీచర్ మొద్దుతనం అనుకుంటారు. రెండోసారి అడిగితే పిల్ల తల దించుకుంటుంది.

కోయ, గోండి, కువి, కొండ, కొలామి భాషలు తెలుగుకు చుట్టాలే, ద్రావిడ కుటుంబానివే. అందుకే 'దగ్గర భాషే కదా, అదే వచ్చేస్తుంది' అనే ధీమా టీచర్లలో కనిపిస్తుంది. మాట ఒకటే అయి అర్థం వేరైనప్పుడు పిల్లకు తను ఎక్కడ తప్పుతోందో కూడా తెలియదు. ఇక సవర అయితే కుటుంబమే వేరు, ముండా భాషల్లోది. లంబాడీ ఇంట్లో అమ్మను యాడి అంటారు. 'అ అంటే అమ్మ' అనే మొదటి పాఠం దగ్గరే ఆ పిల్ల అక్షరంతో పాటు ఒక కొత్త అమ్మనూ నేర్చుకోవాలి.

లెక్కల దగ్గర ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సవర భాషలో లెక్క పన్నెండు దాకా వెళ్ళి, అక్కడి నుంచి పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు అని సాగుతుంది. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవై దగ్గర కొత్త మెట్టు. ముప్పై మూడు అంటే ఒక ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభై మూడు అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. బడిలోనేమో అంతా పదుల లెక్క. ముప్పై మూడు అంటే మూడు పదులు, మూడు. సంప్రదాయ లెక్క తెలిసిన ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు ఒక లెక్కల పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మనసులోనే మార్చుకుంటున్నాడు. పెద్ద తరగతుల్లో ఇదే పనిని సంఖ్యామానాలు అనే పేరుతో నేర్పిస్తారు. ఆ పని ఒకటో తరగతిలోనే చేస్తున్న మా పిల్లవాడికి మాత్రం ప్రోగ్రెస్ కార్డులో పడేది 'లెక్కలు రావు' అనే మాట.

సంతకు వెళ్ళే పిల్లలకు కుంచం తెలుసు. కుంచంలో సగం అడ్డ, అందులో సగం మానిక, అందులో సగం తవ్వ, అందులో సగం సోల. చింతపండుకో, కందులకో, రాగులకో అమ్మ వెంట నిలబడి ఇవన్నీ కళ్ళతో చూసిన పిల్ల అది. సగం, పావు, అరపావు, వీసం అనే భిన్నాలు మొత్తం ఆ కొలపాత్రల్లో ఉన్నాయి. నాలుగో తరగతిలో భిన్నాల పాఠం రాగానే టీచర్ బోర్డు మీద ఒక గుండ్రని కేకు బొమ్మ గీసి ముక్కలు చేస్తారు. కేకు ముక్కలు కోయడం ఎప్పుడూ చూడని పిల్లకు కేకుతోనూ, భిన్నంతోనూ రెండు కుస్తీలు.

పాఠంలో 'మన' అంటే ఎవరు?

తెలుగులో ఒక గొప్ప సౌకర్యం ఉంది. మేము వేరు, మనం వేరు. వినేవాళ్ళను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. పాఠ్యపుస్తకం ఎప్పుడూ 'మన' అనే మాటతోనే మాట్లాడుతుంది. మన పండుగలు, మన ఆహారం, మన ఇళ్ళు, మన వృత్తులు. ఆ 'మన'లో మేము ఉన్నామా అని వెతుక్కోవడం మాకు అలవాటైపోయింది.

మన పండుగలు అన్న చోట సంక్రాంతి, దసరా, రంజాన్, క్రిస్మస్ ఉంటాయి. భూమి పండుగ, కొత్తల పండుగ, ఇటుకల పండుగ, దండారి అక్కడ కనిపించవు. అవి కనిపించే పేజీ వేరే ఉంటుంది. దాని పేరు 'గిరిజనుల జీవన విధానం'. అక్కడ సర్వనామం మారిపోతుంది. 'వారు అడవులలో నివసిస్తారు. వారు ప్రకృతిని పూజిస్తారు.' ఆ పాఠాన్ని పైకి చదవమని నిలబెట్టిన మా పిల్ల తన సొంత అమ్మానాన్నల్ని 'వారు' అని చదవాలి. ఈ ఒక్క సర్వనామం చేసే పని ఎన్ని ఉపన్యాసాలు చేసినా చెరగదు.

భాషలో ఇంకా లోతుకు పోతే, ఆటవికం అనే మాటను చూడండి. అడవికి చెందినది అని దాని అర్థం. దౌర్జన్యం జరిగిన ప్రతిచోటా పత్రికలు 'ఆటవిక పాలన', 'ఆటవిక న్యాయం' అని రాస్తాయి. క్లాసులో గోల చేస్తే "ఇదేమన్నా అడవి అనుకున్నారా?" అంటారు. అడవిలో ఉండేవాళ్ళ పంచాయితీలో ఒక పద్ధతి ఉంటుందని, పెద్దలు అందరి మాటా విన్నాకే తీర్పు చెప్తారని ఆ మాట అన్నవాళ్ళకు తెలియదు. అది విన్న పిల్లకు తెలుసు. చెప్పే వీలు లేక ఊరుకుంటుంది.

చరిత్ర పాఠం సంగతీ అంతే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన మన్యం పోరాటం పుస్తకాల్లో ఉంది. అల్లూరి సీతారామరాజు పేరు మా పిల్లలందరికీ వస్తుంది, రావాల్సిందే. కానీ ఆ పోరాటం ఎందుకు వచ్చింది? 1882 మద్రాసు అటవీ చట్టం పోడును ఎలా కట్టిపడేసింది? రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టి ఎలా చాకిరీ చేయించారు? ముఠాదారుల హక్కులు ఎలా పోయాయి? ఈ ప్రశ్నలు వేస్తే జవాబులో ముందుకొచ్చేది మన్యం ప్రజలు. గాం గంటందొర, గాం మల్లుదొర అనే అన్నదమ్ములు ఒక వాక్యంలో 'అనుచరులు'గా వచ్చి వెళ్ళిపోతారు. ఆ మల్లుదొరే శిక్ష అనుభవించి బతికి వచ్చి 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తన కొండల నుంచి ఒక మనిషి పార్లమెంటుకు వెళ్ళాడని తెలిస్తే చింతపల్లి వైపు పిల్ల ఆ పాఠాన్ని ఇంకోలా చదువుతుంది.

ఇన్ని చెప్తే మాకు వచ్చే జవాబు ఒకటే: ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేస్తున్నాం కదా అని. నిజమే, చేస్తున్నారు. ఆ రోజు థింసా, గుస్సాడీ వేదిక ఎక్కుతాయి. అధికారులు తలపాగా కట్టుకుని ఫోటో దిగుతారు. ఆగస్టు 10న తరగతి గది ఎప్పటిలాగే ఉంటుంది. నెమలి ఈకల టోపీని మెచ్చుకున్నవాళ్ళు ఆ టోపీ పెట్టుకున్న మనిషి మాట్లాడే భాషలో ఒక్క ప్రశ్న అడగలేరు. సంస్కృతిని వేషంగా చూసినంత కాలం అది వేదిక మీదే ఉంటుంది, పలక మీదికి రాదు.

గిడుగు పుట్టినరోజున

ఆగస్టులోనే ఇంకో పండుగ ఉంది. 29న తెలుగు భాషా దినోత్సవం. గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు. ఆశ్రమ పాఠశాలల్లో కూడా ఆ రోజు తెలుగు గొప్పతనం మీద వ్యాసరచన పోటీలు పెడతారు. సవర పిల్లలున్న బడిలో సవర పిల్లల చేత తెలుగు తియ్యదనం గురించి రాయిస్తారు.

గిడుగు ఎవరో గుర్తుంటే అలా చేయరు. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ ఆయన కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పిల్లలకు వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. తెలుగు పిల్లలకు గ్రాంథికం వద్దు, నోట్లో ఆడే భాషలో చెప్పండి అని పోరాడిందీ ఆయనే. రెండు పనులూ ఒకే సూత్రం నుంచి వచ్చాయి. పిల్ల నోటి మాట నుంచి చదువు మొదలవ్వాలనే ఆ సూత్రంలో ఒక సగాన్ని తెలుగు సమాజం పండుగ చేసుకుంది. రెండో సగాన్ని మరిచిపోయింది. ఆగస్టు 29న ఆదివాసీ బడుల్లో ఏ భాష గురించి మాట్లాడాలో ఆయన జీవితమే చెప్తోంది.

గోదావరి అవతల ఇంకో ఉదాహరణ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిచింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశారు. అక్కడ మొదలైన చదువు పథకంలో తొలి మెట్టు ఏమిటో గమనించండి. గోండు యువకులనే టీచర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం పెట్టారు. గోండీలో వాచకాలు తయారుచేశారు. ఆ రాజ్యం మంచిదని మేము అనడం లేదు. భీంను చంపింది ఆ రాజ్యమే. తిరుగుబాటు చూసి భయపడ్డాకే దానికి కళ్ళు తెరుచుకున్నాయి. అయినా 'వీలు' అనేది ఎక్కడ మొదలవుతుందో ఎనభై ఏళ్ళ కిందటే అక్కడ తేలింది.

పుస్తకాలు వచ్చాయి, మనుషులు రాలేదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి బహుభాషా విద్య పేరుతో ఒక మంచి ప్రయత్నం జరిగింది. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. మొదట ఇంటి భాషలో చదివి, తర్వాత తెలుగును మెల్లగా పెంచుకుంటూ ఐదో తరగతికి తెలుగులోకి చేరాలనేది పథకం. తమ భాష అచ్చులో చూసి మా పెద్దవాళ్ళు పుస్తకాన్ని కళ్ళకద్దుకున్న ఊళ్ళున్నాయి. ఈ ప్రయత్నాన్ని మేము చిన్నచూపు చూడం.

దానిలో లోపాలు కూడా చెప్పాలి. లిపి సంగతి ఒకటి. సవరలో గొంతు దగ్గర మాటను పట్టి ఆపే శబ్దం ఉంది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. సవరలకు 1936లో మంగై గొమాంగో చేసిన సొంత లిపి ఉంది. గోండీకి గుంజాల లిపి ఉంది. ఏ లిపి అనే చర్చ అవసరమే. కానీ అది రేపు తేల్చుకోవచ్చు. అసలు లోపం వేరే చోట ఉంది.

పుస్తకం సవరలో ఉంది, టీచరుకు సవర రాదు. పుస్తకం కువిలో ఉంది, టీచరు దాన్ని తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. పిల్లలు నవ్వుతారు. టీచరుకు చిన్నతనంగా ఉంటుంది. పుస్తకం బీరువాలోకి పోతుంది. ఈ ఖాళీని నింపడానికి ఊళ్ళోని చదువుకున్న పిల్లల్ని భాషా వలంటీర్లుగా తీసుకున్నారు. నిజంగా పని జరిగిందంటే వీళ్ళ వల్లే జరిగింది. వీళ్ళకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. కొనసాగింపు కోసం విద్యాసంవత్సరం మొదట్లో ఎదురుచూపులు, వినతిపత్రాలు, ఐటీడీఏ కార్యాలయాల ముందు ధర్నాలు. బడిలో అన్నిటికంటే ముఖ్యమైన పని చేసే మనిషికి అన్నిటికంటే తక్కువ భద్రత. పిల్లలు ఇది కూడా చూస్తారు. సార్ భాషకు జీతం ఉంది, మన అన్న భాషకు లేదు అనే లెక్క వాళ్ళకు ఎవరూ చెప్పక్కరలేదు.

జీఓ 3 పోయాక

షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజన అభ్యర్థులకే ఇవ్వాలని 2000 జనవరిలో జీఓ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమని తీర్పు సారాంశం. అప్పటికే జరిగిన నియామకాలను షరతుతో కాపాడింది.

ఈ తీర్పు మీద మావాళ్ళు వీధుల్లోకి వచ్చారు. ఎక్కువగా వినిపించింది ఉద్యోగాల మాట. ఉద్యోగం చిన్న విషయం కాదు. ఏజెన్సీలో ఒక టీచర్ ఉద్యోగం ఒక ఇంటిని అప్పుల వాళ్ళ నుంచి బయటపడేస్తుంది. అయితే ఈ గొడవలో మరుగున పడిన సంగతి ఒకటుంది. స్థానిక టీచర్ అంటే మొదట భాష వచ్చిన టీచర్. తీర్పు తూచింది అభ్యర్థుల మధ్య సమానత్వాన్ని. ఒకటో తరగతిలో కూర్చున్న ఐదేళ్ళ పిల్లకూ, మైదానంలో తన భాషలోనే పాఠం వింటున్న ఐదేళ్ళ పిల్లకూ మధ్య సమానత్వాన్ని ఎవరు తూస్తారు?

అదే ఏడాది జూలైలో జాతీయ విద్యా విధానం వచ్చింది. ఇంటి భాషలో చెప్పండి అంది. ఏప్రిల్‌లో ఆ భాష వచ్చిన మనిషికి ఉన్న దారి మూసుకుపోయింది. జూలైలో ఆ భాష కావాలన్నారు. ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదివితేనే 'వీలైన చోటల్లా' అనే మాటకు అసలు అర్థం తెలుస్తుంది.

మా ప్రతిపాదన ఇది. రిజర్వేషన్ ఎంత ఉండాలనే పోరాటం దాని దారిన సాగాలి. దానితో పాటు భాషను అర్హతగా పెట్టాలి. లెక్కల టీచరుకు లెక్కల డిగ్రీ అడుగుతున్నారు, దాన్ని ఎవరూ వివక్ష అనరు. కోయ పిల్లలకు ఒకటో తరగతి చెప్పే టీచరుకు కోయ వచ్చా అని అడగడం కూడా అలాంటి అర్హతే. డీఎస్సీలో షెడ్యూల్డ్ ప్రాంతాల ప్రాథమిక బడుల పోస్టులకు స్థానిక ఆదివాసీ భాషలో మౌఖిక పరీక్ష పెట్టండి. ఏ కులంలో పుట్టినవాళ్ళయినా నేర్చుకుని రాయొచ్చు. గిడుగు నేర్చుకోలేదా? పనిచేస్తున్న భాషా వలంటీర్ల అనుభవానికి మార్కులివ్వండి, శిక్షణ ఇచ్చి పర్మినెంట్ చేయండి.

రెండు అభ్యంతరాలు

మొదటిది మా ఇళ్ళ నుంచే వస్తుంది. "మా భాష ఇంట్లో ఉంది కదా, బడిలో ఎందుకు? మా పిల్లకు ఇంగ్లీషు చెప్పండి" అని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఇంగ్లీషు మీడియం జీఓ ఇచ్చి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, 2022 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు ఈ ప్రశ్న ప్రతి గూడెంలో వినిపించింది. ఈ కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తమ పిల్లల్ని కార్పొరేట్ బడిలో ఇంగ్లీషులో చదివిస్తూ మాకు మాతృభాష మీద ఉపన్యాసాలిచ్చే వాళ్ళకు అసలే లేదు.

మేము తల్లిదండ్రులకు చెప్పేది వేరు. ఇప్పుడు మన పిల్ల ఇంగ్లీషును ఏ భాషలో నేర్చుకుంటోంది? సార్ ఇంగ్లీషు మాటకు తెలుగులో అర్థం చెప్తారు. తెలుగే రాని పిల్లకు అది రాని భాషలో ఇంకో రాని భాష. మెట్లు లేని మంచె ఎక్కమన్నట్టు. మన భాష మొదటి మెట్టు అయితే తెలుగు రెండోది, ఇంగ్లీషు మూడోది అవుతుంది. ఇంగ్లీషు బాగా రావాలన్నా మొదటి మెట్టు తీసేయకూడదు. అమ్మానాన్నలకు నచ్చజెప్పడానికి ఈ మాట చాలు. సంస్కృతి రక్షణ అని మొదలుపెడితే వాళ్ళు వినరు, వినక్కరలేదు కూడా.

రెండో అభ్యంతరం టీచర్ల నుంచి వస్తుంది, అది న్యాయమైనది. ఒకే గదిలో నాలుగు భాషలుంటే ఏం చేయాలి? అరకు, పాడేరు వైపు ఒక్కో బడిలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా, తెలుగు మాట్లాడే పిల్లలు కలిసి కూర్చుంటారు. అక్కడ పెద్ద గుంపు భాషను 'మాతృభాష' అని పెట్టేస్తే చిన్న గుంపు పిల్లలకు మళ్ళీ అదే మౌనం. తెలుగు చేసిన పనే ఆదివాసీ ఒరియా చేస్తుంది. కాబట్టి ఒక గదికి ఒక భాష అనే ఆలోచనే అక్కడ చెల్లదు. ఏ పిల్లా తన భాష వల్ల నోరు మూసుకోకూడదు అనేదే అక్కడ నియమం కావాలి. దానికి టీచరుకు నాలుగు భాషలూ రానక్కరలేదు. నాలుగు భాషలకూ గదిలో మాట్లాడే అనుమతి ఉంటే చాలు, ఎవరి మాట ఎవరికి చెప్పాలో పిల్లలే చూసుకుంటారు.

ఇప్పుడే చేయగలిగినవి

డీఎస్సీ మారేదాకా ఎదురుచూడనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. టీచర్లుగా ఉన్న మీకు ఇవి చెప్తున్నాం.

బడి తెరిచిన మొదటి వారంలోనే ఎవరింట్లో ఏ భాష మాట్లాడతారో పిల్లల పేర్ల పక్కన రాసుకోండి. పిల్ల పేరు ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే రిజిస్టర్‌లో రాయండి, మీ నోటికి తిరిగేలా మార్చకండి. పాఠం చెప్పాక ఒక పది నిమిషాలు పిల్లల్ని వాళ్ళ భాషలో మాట్లాడుకోనివ్వండి. తర్వాత ఒక పెద్ద పిల్ల చేత దాని సారం తెలుగులో చెప్పించండి. గోడ మీద ఒక పట్టిక పెట్టి రోజుకు ఐదు మాటలు వాళ్ళ భాషలో, తెలుగులో, ఇంగ్లీషులో రాయించండి. ఏర్, నార్, మర్రి లాంటి మాటల్ని వేరే రంగుతో రాస్తే ఎక్కడ తడబాటు వస్తుందో మీకూ తెలుస్తుంది. భిన్నాల పాఠానికి అడ్డ, మానిక, సోల తెప్పించండి.

హాజరు విషయంలో ఊరి క్యాలెండర్ చూసుకోండి. మాఘం దాటాక చింతపండు, వేసవి మొదట్లో ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు, తొలకరికి విత్తనాలు. ఈ రోజుల్లో పిల్ల రాకపోతే అది చదువు మీద శ్రద్ధ లేక కాదు. ఆ వారం పండుగ అయితే, పండుగ అయ్యాక ఆ పిల్ల చూసిందే రాయమనండి. విత్తనాన్ని ఎవరు ముందు పట్టుకున్నారు, ఏ పాట ఏ సమయంలో పాడారు, పాలు ఎలా పంచారు. అది తెలుగు పాఠమూ అవుతుంది, సాంఘిక పాఠమూ అవుతుంది.

చదువుకున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పేది కూడా ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. చాలాచోట్ల ఆ కమిటీ సంతకాల కోసమే సమావేశమవుతోంది. మీ అమ్మ అందులో ఉంటే సంతకం పెట్టే ముందు తీర్మానం చదివి వినిపించండి. 'మా బడిలో ఒకటి, రెండు తరగతులకు మా భాష వచ్చిన టీచరు కావాలి' అనే తీర్మానం రాయించండి. గ్రామసభలోనూ అదే తీర్మానం పెట్టించండి. తర్వాత సమాచార హక్కు కింద ఒక కాగితం రాయండి. అందులో మూడే ప్రశ్నలు. మా బడిలో మాతృభాషలో బోధన వీలు కాదని ఎవరు తేల్చారు? ఎప్పుడు తేల్చారు? ఏ కారణంతో తేల్చారు?

ఇన్నాళ్ళూ 'వీలైనంత వరకు' అనే మాట మా పిల్లల నోరు మూయించింది. ఆ మాట రాసినవాళ్ళు ఇప్పుడు జవాబు రాయాలి. ఆ జవాబు ఎలా ఉన్నా దాన్ని దాచండి, ఊళ్ళో పెద్దలకు చదివి వినిపించండి, పక్క గూడెం వాళ్ళకూ ఒక కాపీ ఇవ్వండి. ఒక్కో ఊరి నుంచి ఒక్కో కాగితం చేరితే ఆ వీలు ఎక్కడ ఆగిందో, ఎవరి దగ్గర ఆగిందో అందరికీ తెలుస్తుంది.